సైన్స్ చదివి ఎంబీఏ: ల్యాబ్ నుంచి బిజినెస్ వైపు దారి మళ్లేదెలా?

ఎంఎస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ పూర్తిచేసి జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, పరవాడ ఫార్మా సిటీలోనో క్యూసీ (నాణ్యత పరీక్షల) కెమిస్టుగా చేరినవాళ్లకు మూడో ఏడు వచ్చేసరికి ఒక లెక్క మొదలవుతుంది. షిఫ్టులు అవే, శాంపిళ్లు పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం అదే. హోదాకు ముందు 'సీనియర్' అన్న మాట చేరింది గానీ చేతికొచ్చే జీతంలో పెద్ద తేడా లేదు. 'ఎంబీఏ చేసెయ్, బయటపడతావ్' అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు.

బయటపడొచ్చు. అయితే పట్టా దానంతటదే ఉద్యోగాన్ని మార్చదు. ఎంబీఏ వల్ల దొరికేవి మూడు. ఒకటి, అనుభవం లేని విభాగంలోకి కూడా కొత్తవాళ్లను తీసుకునే ద్వారం, అంటే వేసవి ఇంటర్న్‌షిప్, క్యాంపస్ నియామకాలు. రెండు, డబ్బు లెక్కల భాష. మూడు, రకరకాల కంపెనీల్లోకి వెళ్లే బ్యాచ్‌మేట్ల పరిచయం. మొదటిది లేని కాలేజీలో చేరితే మిగతా రెండూ ఉన్నా పెద్దగా అక్కరకు రావు. డిగ్రీలు రెండు ఉండి ఉద్యోగం పాతదే అయినవాళ్ల కథ చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

ఈ మార్గదర్శి ముఖ్యంగా కెమిస్ట్రీ, లైఫ్ సైన్సెస్ చదివి తెలుగు రాష్ట్రాల ఫార్మా, బయోటెక్ రంగాల్లో పనిచేస్తున్నవాళ్ల కోసం. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, అగ్రికల్చర్ వాళ్లకు దారి ఎక్కడ వేరవుతుందో ఆయా చోట్ల చెబుతాం.

1. ముందు జబ్బేమిటో తేల్చుకోండి

మీకు విసుగు పుట్టించేది నైట్ షిఫ్టా, పై అధికారా, లేక ఆ పనిలో ఎదుగుదలకు ఉన్న హద్దా? మొదటి రెండింటికీ కంపెనీ మారితే చాలు. మూడోదే అయితే ఈ చిన్న పరీక్ష చేయండి.

మీరు వెళ్లాలనుకుంటున్న ఉద్యోగానికి సంబంధించిన ప్రకటనలు 20 తీసుకోండి. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి హోదా, అడిగిన డిగ్రీ, అడిగిన అనుభవం, అడిగిన నైపుణ్యాలు రాసుకుంటూ పోండి. ఒక సాయంత్రం పడుతుంది. ఇరవైలో పన్నెండుకు పైగా ఎంబీఏ తప్పనిసరి అనో, ఉంటే మంచిదనో కనిపిస్తే ముందుకు వెళ్లండి. సగం కూడా లేవంటే మిమ్మల్ని ఆపుతున్నది ఎంబీఏ లేకపోవడం కాదు.

ఈ పరీక్షలో చాలామంది ఆశ్చర్యపోతారు. రెగ్యులేటరీ అఫైర్స్ (మందుల అనుమతుల వ్యవహారాలు), ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల పర్యవేక్షణ), క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్, మెడికల్ రైటింగ్, ల్యాబ్ పరికరాలు అమ్మే కంపెనీల్లో అప్లికేషన్ స్పెషలిస్ట్ లాంటి కొలువులకు ఎంఎస్సీతోనే నేరుగా తీసుకుంటారు. మెడికల్ కోడింగ్‌కు కావలసింది సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) సర్టిఫికెట్. బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదివి డేటా ఎనలిస్ట్ కావాలంటే ఎస్‌క్యూఎల్, పైథాన్ మీద కొన్ని నెలల గట్టి సాధన ఎంబీఏ కన్నా ముందు ఫలితమిస్తుంది. వీటికోసం రెండేళ్లు, కొన్ని లక్షలు పోయడం దండగ.

2. రెండు గోడలు ఒకేసారి దూకొద్దు

కెరీర్ మార్పులో కదిలేవి రెండు: చేసే పని, ఉండే రంగం. ఎంబీఏ సాయంతో ఒకటి మార్చడం తేలిక. రెండూ ఒకేసారి మార్చబోతే 'నిన్నే ఎందుకు తీసుకోవాలి?' అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఫార్మా ల్యాబ్ నుంచి ఫార్మా పర్చేజ్‌కు వెళ్తే మీ మూడేళ్ల అనుభవం మీతో వస్తుంది. ల్యాబ్ నుంచి బ్యాంకు హెచ్‌ఆర్‌కు వెళ్లాలంటే బీకాం, బీబీఏ వాళ్లతో సమానంగా సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఏరు దాటకముందే తెప్ప తగలేసుకున్నట్టు, ఎంబీఏలో చేరగానే సైన్సును వదిలించుకోవాలని చూస్తారు. ఆ సైన్సే మీకున్న బేరం.

ఎక్కడ ఆ బేరం ఎక్కువ పలుకుతుందో కాస్త వివరంగా చూద్దాం.

ఏపీఐ (మందులోని అసలు ఔషధ పదార్థం) బిజినెస్ డెవలప్‌మెంట్: విదేశీ కొనుగోలుదారు కిలో ధర ఒక్కటే అడగడు. డీఎంఎఫ్ (తయారీ వివరాలతో నియంత్రణ సంస్థకిచ్చే పత్రం) దాఖలైందా, ఏ ఇంప్యూరిటీ ఎంత పరిమితిలో ఉంది, సాల్వెంట్ అవశేషాలు ఎంత, శాంపిల్ ఎప్పుడు పంపుతారు అని అడుగుతాడు. కెమిస్ట్రీ తెలియని ఎగ్జిక్యూటివ్ ప్రతి ప్రశ్నకూ ఆర్ అండ్ డీ వాళ్ల దగ్గరికి పరిగెత్తి రెండ్రోజుల తర్వాత జవాబిస్తాడు. మీరు సగం ప్రశ్నలకు ఆ కాల్‌లోనే చెప్పగలరు. ఎంబీఏలో కొత్తగా నేర్చుకోవలసింది ధర నిర్ణయం, ఎల్‌సీ (బ్యాంకు చెల్లింపు హామీ పత్రం), ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ (రవాణా, బీమా ఖర్చు ఎవరిదో తేల్చే షరతులు) లాంటి ఎగుమతి నిబంధనలు, బేరమాడే పద్ధతి.

పర్చేజ్, సోర్సింగ్, సప్లై ప్లానింగ్: మన ఏపీఐ పరిశ్రమ ముడి రసాయనాల్లో చాలావాటికి చైనా మీద ఆధారపడుతుంది. ఏ ముడిసరుకు ధర కదిలితే కిలో ఏపీఐ ఖర్చు ఎంత కదులుతుందో చెప్పగలిగేవాడికి విలువ ఉంది. సిందెసిస్‌లో యీల్డ్ (చేతికొచ్చే సరుకు) 70 శాతం నుంచి 80కి పెరిగితే కిలో సరుకుకు పట్టే ముడిసరుకు ఎనిమిదో వంతు తగ్గుతుంది. ఈ లెక్క మీకు వెన్నతో పెట్టిన విద్య. దానికి రూపాయలు తగిలించడమే కాస్టింగ్.

ప్రాడక్ట్ మేనేజ్‌మెంట్: పీఎంటీ అని పిలిచే ఈ విభాగం దేశీయ ఫార్ములేషన్ కంపెనీల్లో బ్రాండ్లను నడుపుతుంది. ఏ డాక్టర్‌కు ఏం చెప్పాలి, విజువల్ ఎయిడ్‌లో ఏ ఆధారం చూపాలి అన్నవి ఇక్కడ తేలతాయి. ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ వాళ్లకు నప్పుతుంది. దీని సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

లైఫ్ సైన్సెస్ ఎనలిటిక్స్: నోవార్టిస్, సనోఫీ, ఆమ్జెన్, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్, ఎలీ లిల్లీ లాంటి కంపెనీలకు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రాలు ఉన్నాయి. అమ్మకాల అంచనా, పోటీ మందుల పరిశీలన, పేటెంట్ గడువు ముగిస్తే మార్కెట్ ఏమవుతుందన్న విశ్లేషణ ఇలాంటి చోట్ల జరిగే పని. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, స్లయిడ్లలో విషయాన్ని నడపడం, క్లినికల్ ట్రయల్ ఫలితాన్ని చదివి అర్థం చేసుకోవడం కావాలి. చివరిది బీటెక్ వాళ్ల కన్నా మీకు తేలిక.

మ్యాథ్స్, ఫిజిక్స్ వాళ్లు బ్యాంకింగ్ రిస్క్, ఆపరేషన్స్, ఎనలిటిక్స్ వైపు చూడొచ్చు. అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్ల దారి మరీ స్పష్టం: రాజేంద్రనగర్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ) వ్యవసాయ, అనుబంధ శాస్త్రాల వాళ్ల కోసమే అగ్రిబిజినెస్‌లో పీజీడీఎం నడుపుతోంది. విత్తన, ఎరువుల, పురుగుమందుల కంపెనీలు, గ్రామీణ రుణాలిచ్చే బ్యాంకులు ఈ కోర్సు వాళ్లకు సహజమైన గమ్యాలు.

3. ఎప్పుడు వెళ్లాలి

డిగ్రీ కాగానే వెళ్లొచ్చు, కానీ 18 నుంచి 36 నెలల అనుభవం ఉన్నవాళ్లకు ఈ మార్పు బాగా కుదురుతుంది. చెప్పుకోవడానికి పని ఉంటుంది, కొత్త విభాగంలో ట్రైనీగా చేరడానికి అహం అడ్డురాదు. ఐదేళ్లు దాటితే రెండేళ్ల క్యాంపస్ కోర్సులో ఇబ్బంది ఎదురవుతుంది. కంపెనీలు కొత్తవాళ్ల జీతానికి మిమ్మల్ని తీసుకోవు, కొత్త విభాగంలో సీనియర్‌గానూ తీసుకోవు. అలాంటివాళ్లు జీమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఏడాది కోర్సులు చూడాలి. గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ అసలు కోర్సు ఏడాదిదే, దానికి కనీసం రెండేళ్ల అనుభవం కావాలి.

ఉద్యోగం వదలకుండా ఆన్‌లైన్, దూరవిద్య ఎంబీఏ చేయడం మూడో దారి. యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ వాటితో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టంచేసింది. అయితే కాగితం మీద సమానం కావడం వేరు, క్యాంపస్‌కు కంపెనీలు రావడం వేరు. మీ కంపెనీలోనే క్యూసీ నుంచి ప్లానింగ్‌కో పర్చేజ్‌కో మారే అవకాశం ఉండి, హెచ్‌ఆర్ 'ఎంబీఏ ఉంటే చూద్దాం' అన్నప్పుడు ఈ దారి చవక, సురక్షితం. బయట కొత్త రంగంలోకి దూకడానికి మాత్రం చాలదు. చేరేముందు ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో ఉన్నాయో లేదో మూడూ విడివిడిగా చూడండి. యూనివర్సిటీ పేరుండి కోర్సు లేకపోవడం జరుగుతుంది.

4. పరీక్షలు: బైపీసీ వాళ్ల మ్యాథ్స్ భయం

రాష్ట్రంలోని కాలేజీలకు ఐసెట్. ఏపీకి, తెలంగాణకు వేర్వేరుగా జరుగుతుంది. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. తెలంగాణ ఐసెట్‌లో ఎనలిటికల్ ఎబిలిటీ 75, మ్యాథమెటికల్ ఎబిలిటీ 75, కమ్యూనికేషన్ 50. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. చివరి మూడు నిమిషాలు మిగిలినవన్నీ పెట్టేయడానికే కేటాయించుకోండి. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు చాలు, ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. కానీ అర్హత వేరు, మంచి కాలేజీ ర్యాంకు వేరు. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీల క్యాంపస్ సీట్లకు ర్యాంకు గట్టిగా ఉండాలి.

దేశవ్యాప్త కాలేజీలకు క్యాట్. నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది, దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో. 2024లో 68 ప్రశ్నలు, రెండు గంటలు, మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. సరైన జవాబుకు 3 మార్కులు, బహుళైచ్ఛికంలో తప్పుకు ఒక మార్కు కోత. డిగ్రీలో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖ ఐఐఎం ఈ స్కోరే చూస్తాయి. జనవరిలో ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ వాళ్ల జాట్, ఏడాదిలో పలుమార్లు జరిగే మ్యాట్ కూడా ఉన్నాయి. ప్రతిదీ రాయడం వల్ల ఫీజులు తప్ప ఒరిగేదేం లేదు. ఒక జాతీయ పరీక్ష, ఒక రాష్ట్ర పరీక్ష చాలు.

ఎంఎస్సీ కెమిస్ట్రీ, లైఫ్ సైన్సెస్ వాళ్లు మరిచిపోయే ద్వారం ఒకటుంది. బాలానగర్‌లోని నైపర్ (జాతీయ ఫార్మా విద్య, పరిశోధన సంస్థ) హైదరాబాద్‌లో ఫార్మా మేనేజ్‌మెంట్ ఎంబీఏ ఉంది, ప్రవేశం నైపర్ జేఈఈ ద్వారా. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మీ ఎంఎస్సీ శాఖ ఉందో లేదో చూసుకుని దరఖాస్తు చేయండి. ఈ వ్యాసంలో చెప్పిన ఉద్యోగాలకు ఇంతకన్నా దగ్గరి కోర్సు అరుదు.

ఇక మ్యాథ్స్. బీజెడ్‌సీ వాళ్లు పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టుకోలేదు కాబట్టి వణుకుతారు. క్యాట్ క్వాంట్‌లో పెద్ద భాగం శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, కాలం-పని, వేగం, సమీకరణాలే. క్యాలికులస్ లేదు. పైగా వీటిలో కొన్ని మీరు ల్యాబ్‌లో రోజూ చేసేవే. 30 శాతం ద్రావణం, 70 శాతం ద్రావణం కలిపి 40 శాతం చేయాలంటే ఏ నిష్పత్తి? 70 నుంచి 40 తీస్తే 30, 40 నుంచి 30 తీస్తే 10, కాబట్టి 3:1. పరీక్షల్లో దీన్ని అలిగేషన్ అంటారు. పాలు-నీళ్లు, రెండు రకాల బియ్యం, రెండు తరగతుల సగటు మార్కులు అన్నీ ఇదే డైల్యూషన్ లెక్క.

ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు 26 వారాలు, వారానికి 12 గంటలు సరిపోతాయి. మొదటి 10 వారాలు అర్థమెటిక్, ఆల్జీబ్రా మీద, రోజూ గంట. దానితోపాటే రోజుకో ఇంగ్లిష్ సంపాదకీయం చదివి దాని వాదన రెండు వాక్యాల్లో రాయండి. తర్వాతి 8 వారాలు డేటా ఇంటర్‌ప్రిటేషన్, లాజికల్ రీజనింగ్. మిగతా 8 వారాల్లో వారానికి రెండు మాక్ పరీక్షలు. ఒక్కో మాక్ రాయడానికి రెండు గంటలైతే దాన్ని విప్పి చూడటానికి నాలుగు గంటలు పెట్టాలి. వరుసగా మాక్‌లు రాసేసి మార్కు చూసి బాధపడి ఇంకోటి రాయడం, పాడైన హెచ్‌పీఎల్‌సీ కాలమ్ మీదే మళ్లీ మళ్లీ శాంపిల్ ఇంజెక్షన్లు ఇవ్వడం లాంటిది. రిపోర్ట్ మారదు.

షిఫ్టుల్లో ఉన్నవాళ్లు చదువును గడియారానికి కాకుండా షిఫ్టుకు కట్టుకోవాలి. 'రోజూ ఉదయం ఐదింటికి' అన్న ప్రతిజ్ఞ సి షిఫ్టు (రాత్రి షిఫ్టు) వారంలోనే కూలిపోతుంది. 'నిద్ర లేచిన గంటలోపు' అని పెట్టుకుంటే ఏ షిఫ్టుకైనా నిలుస్తుంది.

5. కాలేజీని ల్యాబ్ రిపోర్టులా చదవండి

ప్లేస్‌మెంట్ బ్రోచర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది అత్యధిక ప్యాకేజీ, తర్వాత సగటు. రెండూ పక్కన పెట్టండి. పదిమందిలో తొమ్మిదిమందికి 4 లక్షలు, ఒకరికి 24 లక్షలు వస్తే సగటు 6 లక్షలు. ఆరు లక్షలు వచ్చినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. మీడియన్ (జీతాలు వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉండేది) అడిగితే 4 లక్షలని తెలుస్తుంది. మీడియన్ చెప్పని కాలేజీ, అవుట్‌లయర్‌ను చూపించి అసలు డేటా దాచిన ఎనలిస్ట్ లాంటిది.

దాంతోపాటు అడగవలసినవి: బ్యాచ్ మొత్తం ఎంత, అందులో నియామకాలకు నమోదైనవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఉద్యోగం వచ్చినవాళ్లు ఎంతమంది. 'నూరు శాతం' అన్న అంకె తరచూ నమోదైనవాళ్ల మీద లెక్క, బ్యాచ్ మీద కాదు. ఇంకా ముఖ్యమైనది, సైన్స్ డిగ్రీతో చేరిన గత రెండు బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? లింక్డిన్‌లో కాలేజీ పేరుతో వెతికితే పాతవాళ్లు కనిపిస్తారు. ఐదుగురికి మర్యాదగా సందేశం పంపితే ఇద్దరు జవాబిస్తారు. వాళ్లను 'కాలేజీ బాగుందా?' అని అడగొద్దు. 'వేసవి ఇంటర్న్‌షిప్ కాలేజీ ఇప్పించిందా, మీరే వెతుక్కున్నారా?' అని అడగండి. జవాబులోనే అంతా ఉంటుంది.

గుర్తింపు విషయంలో రెండు మాటలు. ఎంబీఏ డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. స్వతంత్ర సంస్థలు ఇచ్చే పీజీడీఎంకు ఏఐసీటీఈ అనుమతి చూడండి. ప్రభుత్వ ఉద్యోగమో పీహెచ్‌డీనో మనసులో ఉంటే ఆ పీజీడీఎంకు ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) ఇచ్చే ఎంబీఏ సమానత్వం ఉందో లేదో కూడా చూడాలి.

ఊరి చివర ఇంజినీరింగ్ క్యాంపస్‌లో ఒక అంతస్తులో నడిచే ఎంబీఏ కాలేజీల గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అని చేరితే డబ్బు పోదు గానీ రెండేళ్లు పోతాయి. అలాంటి చోట చేరక తప్పదనుకుంటే, ఇంటర్న్‌షిప్, ఉద్యోగం రెండూ సొంతంగా వెతుక్కోవాలని మొదటి రోజే నిశ్చయించుకుని చేరండి. లేకపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది: ల్యాబ్‌లో రెండేళ్ల విరామం, బిజినెస్‌లో అనుభవం సున్నా.

6. డబ్బు లెక్క

చాలామంది ఫీజు ఒక్కటే లెక్కేస్తారు. వదులుకునే జీతమే అసలు ఖర్చు. ఉదాహరణకు నెలకు 25,000 తీసుకునే కెమిస్ట్ రెండేళ్లు మానేస్తే 6 లక్షలు పోతాయి. ఫీజు 8 లక్షలు, ల్యాప్‌టాప్, ప్రయాణాలు, ఇంటర్వ్యూ దుస్తులు, హాస్టల్‌కు అదనంగా అయ్యేది కలిపి లక్ష. మొత్తం 15 లక్షలు. తిండి, బస ఉద్యోగంలో ఉన్నా అయ్యేవే కాబట్టి వాటిలో పెరిగిన భాగాన్నే లెక్కలోకి తీసుకోవాలి. అదే ఉద్యోగంలో కొనసాగి ఉంటే రెండేళ్ల తర్వాత జీతం 30,000 అయ్యేదనుకుందాం. ఎంబీఏ తర్వాత 60,000 వస్తే నెలకు తేడా 30,000, ఏడాదికి 3 లక్షల 60 వేలు. పెట్టిన 15 లక్షలు తిరిగి రావడానికి నాలుగేళ్ల పైచిలుకు, వడ్డీ కలపకుండా. మీ అంకెలు వేసి చూస్తే ఏడేళ్లు దాటుతోందా? కాలేజీనైనా మార్చాలి, ఆలోచననైనా మార్చాలి.

విద్యా రుణంలో మామూలుగా 4 లక్షల వరకు మార్జిన్ (మీ వంతు డబ్బు), తాకట్టు అడగరు. పీఎం విద్యాలక్ష్మి పథకానికి కేంద్రం 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. ఆ పథకం జాబితాలోని ఉన్నత విద్యాసంస్థల్లో ప్రతిభతో సీటు వస్తే తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు రుణంపై, చదువుకునే కాలానికీ ఆపై మారటోరియానికీ (వాయిదాలు మొదలయ్యే ముందు విరామానికి) 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్, వడ్డీ రాయితీ పొందనివాళ్లకు. మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు ఇది వర్తించదు. డబ్బు కట్టి సీటు కొనేముందు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

10 లక్షల రుణం, 10 శాతం వడ్డీ, పదేళ్లు అయితే నెల వాయిదా 13,215 రూపాయలు. చదువు రెండేళ్లు, ఆపై ఏడాది విరామంలో వడ్డీ కట్టకుండా వదిలేస్తే అసలు మీదికి అది చేరుతుంది. మొత్తం మొదటి రోజే తీసుకున్నారనుకుంటే అప్పు 13 లక్షలై వాయిదా 17 వేలు దాటుతుంది. విడతలుగా తీసుకుంటారు కాబట్టి కాస్త తగ్గుతుంది గానీ, ఇంట్లోవాళ్లు నెలనెలా వడ్డీ కట్టగలిగితే కట్టించడమే మేలు.

రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లు కన్వీనర్ కోటాలోనే చేరాలి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు కౌన్సెలింగ్ వారంలో పరిగెత్తి తెచ్చుకునేవి కావు. నెల ముందే మీ సేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెట్టండి. డబ్బు ఆలస్యమై పరీక్ష ఫీజు సమయంలోనో సర్టిఫికెట్ల సమయంలోనో కాలేజీ ఒత్తిడి చేయడం కొత్తేమీ కాదు, అందుకు కొంత చేతిలో ఉంచుకోండి.

7. ఇంటర్వ్యూ: 'సైన్స్ ఎందుకు వదిలేస్తున్నారు?'

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. ల్యాబ్‌ను తిట్టకండి. 'వదలడం లేదు, దానికి ధర కట్టే చోటికి వెళ్తున్నాను' అన్నదే మీ జవాబు సారం కావాలి, దానికి మీ పనిలోని ఒక సంఘటన తోడుండాలి. ఒక బ్యాచ్ ఓఓఎస్ అయింది (పరీక్ష ఫలితం నిర్దేశిత పరిమితుల్లో లేదు), విచారణ జరిగినన్నాళ్లూ సరుకు గోదాంలో ఆగిపోయింది, ఆ ఆలస్యం వల్ల కంపెనీకి ఎంత పోయిందో ఎవరూ ల్యాబ్‌లో మాట్లాడలేదు, ఆ లెక్క తెలుసుకోవాలనిపించింది. ఇలాంటిది నిజంగా జరిగి ఉంటేనే చెప్పండి. ప్యానెల్ మూడో ప్రశ్నకే కల్పన బయటపెడుతుంది.

చాలామంది బోల్తా పడేది అనుకోని చోట, సొంత సబ్జెక్టులో. బఫర్ పీహెచ్‌ను ఎలా నిలబెడుతుంది, యాంటీబయాటిక్ నిరోధకత ఎలా పుడుతుంది, స్టాండర్డ్ డీవియేషన్‌కు స్టాండర్డ్ ఎర్రర్‌కు తేడా ఏమిటి అని అడుగుతారు. ఎకనామిక్స్ చదివిన ప్రొఫెసర్‌కు అర్థమయ్యేలా చెప్పగలరా అన్నదే అక్కడ పరీక్ష. డిగ్రీలోని రెండు పేపర్లు ఎంచుకుని, వాటిలో ఇరవై ప్రశ్నలకు జవాబులు ఇంట్లో సైన్స్ తెలియనివాళ్లకు చెప్పి చూడండి.

సీటు చేతికొచ్చాకే రాజీనామా. నోటీసు పీరియడ్ నెలలపాటు ఉండే కంపెనీలు ఉన్నాయి కాబట్టి అపాయింట్‌మెంట్ లెటర్ తీసి ముందే చూసుకోండి, ట్రైనింగ్ బాండ్ ఉందేమో కూడా. రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం, జీతం స్లిప్పులు, ఫారం 16 లేకపోతే మీ మూడేళ్లూ కాగితం మీద ఉండవు.

8. రెండేళ్లలో ఏం చేయాలి

మొదటి దెబ్బ ఎకౌంటింగ్‌లో తగులుతుంది. డెబిట్, క్రెడిట్‌లను బట్టీ పట్టబోయి గందరగోళపడతారు. మాస్ బ్యాలెన్స్ గుర్తుచేసుకోండి: రియాక్టర్‌లోకి వెళ్లిందంతా ఏదో రూపంలో బయట లెక్క తేలాలి. బ్యాలెన్స్ షీట్ అంతే. ఆస్తులు ఒకవైపు, అవి ఎవరి డబ్బుతో వచ్చాయో రెండోవైపు. ప్రతి లావాదేవీ రెండు చోట్ల నమోదవుతుంది, అంతా కలిపితే సమం కావాలి. ఏదైనా లిస్టెడ్ ఫార్మా కంపెనీ వార్షిక నివేదిక తీసి, పనిలో మీకు తెలిసిన వస్తువులు (ఇన్వెంటరీ, ఆర్ అండ్ డీ ఖర్చు, ప్లాంటు) ఏ వరుసలో ఉన్నాయో వెతకండి. రెండు వారాంతాల్లో భయం పోతుంది.

రెండో ఇబ్బంది అలవాటులో ఉంది. సైన్సులో పద్ధతి, డేటా, చర్చ, చివర్లో తీర్మానం. ఇక్కడ తీర్మానం మొదటి వాక్యంలో రావాలి. 'ధర పెంచొద్దు, కారణాలు మూడు' అని మొదలుపెట్టాలి. కేస్ చర్చల్లో 'డేటా చాలదు' అని మౌనంగా ఉండిపోయేది ఎక్కువగా సైన్స్ వాళ్లే. చాలని డేటాతో నిర్ణయం తీసుకుని, ఏది తెలిస్తే ఆ నిర్ణయం మారుతుందో చెప్పడం నేర్చుకోవాలి.

మూడోది అన్నిటికన్నా తొందరైనది: సీవీ. చేరిన కొద్ది వారాలకే ఇంటర్న్‌షిప్ కోసం అడుగుతారు. 'హెచ్‌పీఎల్‌సీ, డిజల్యూషన్, కేఎఫ్ టైట్రేషన్ నిర్వహించాను' అని ల్యాబ్ పరీక్షల పేర్లు రాస్తే మార్కెటింగ్ మేనేజర్‌కు ఏమీ అర్థంకాదు. ప్రతి పనిలోనూ నాలుగు వెతకండి: ఎంత పరిమాణం, ఎంత సమయం, ఎంత డబ్బు, ఎవరితో కలిసి. 'నెలకు ఇన్ని బ్యాచ్‌ల విడుదల పరీక్షలు, ఆలస్యానికి మూలకారణం గుర్తించి ఇన్ని రోజులు తగ్గించాను, ప్రొడక్షన్, క్యూఏ, గోదాము మూడు విభాగాలతో సమన్వయం' అని మారుతుంది. యూఎస్‌ఎఫ్‌డీఏ (అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ) తనిఖీకి సిద్ధమైన అనుభవం ఉంటే అది బంగారం. ఒత్తిడిలో పత్రాలు సరిగా నిలబెట్టగలరనడానికి అంతకన్నా సాక్ష్యం లేదు. అంకెలు మాత్రం మీరు నిలబడి సమర్థించగలిగినవే వేయాలి, కంపెనీ రహస్యాలు, ప్రాడక్ట్ పేర్లు రాయకూడదు.

మొదటి, రెండో సంవత్సరాల మధ్య 8 నుంచి 10 వారాల ఇంటర్న్‌షిప్ ఈ మార్పుకంతటికీ ఇరుసు. కొత్త విభాగంలో మీ పేరు మీద ఉండే మొదటి అనుభవం అదే. స్టైపెండ్ తక్కువైనా సరే, గురిపెట్టిన విభాగంలోనే చేయండి. 'ఎక్కువ డబ్బు' అని మళ్లీ క్వాలిటీ విభాగంలో ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లను చివర్లో కంపెనీలు కూడా క్వాలిటీకే పిలుస్తాయి. రెండో ఏడాది స్పెషలైజేషన్ ఒకటే ఉంటే చాలు. మార్కెటింగ్, ఫైనాన్స్, హెచ్‌ఆర్ మూడింటిలో తలా కొంత చదివితే ఏ ఇంటర్వ్యూలోనూ లోతు కనిపించదు.

9. చేరిన మొదటి ఏడాది

ప్రాడక్ట్ మేనేజ్‌మెంట్ ట్రైనీగా చేరినవాళ్లను చాలా దేశీయ కంపెనీలు ముందు ఫీల్డ్‌కు పంపుతాయి. కొన్ని నెలలు మెడికల్ రిప్రజెంటేటివ్‌తో కలిసి బ్యాగు పట్టుకుని క్లినిక్‌ల బయట నిలబడాలి, డాక్టర్ ఇచ్చే రెండు నిమిషాల్లో చెప్పాలి, సాయంత్రం స్టాకిస్ట్ దగ్గర నిల్వ లెక్క రాయాలి. ఏసీ ల్యాబ్ వదిలి ఎండలోకి వచ్చామా అని మొదటి నెలలోనే మానేసేవాళ్లు ఉంటారు. ఆఫర్ తీసుకునేటప్పుడే ఫీల్డ్ ఎన్ని నెలలు, ఏ ఊళ్లో, ఆ కాలంలో భత్యం ఎంత, తర్వాత హెడ్డాఫీసులో ఏ హోదా అని హెచ్‌ఆర్‌ను అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి. పర్చేజ్‌లో, బిజినెస్ డెవలప్‌మెంట్‌లో చేరినవాళ్లు తొలి మూడు నెలల్లో వారానికోసారైనా ప్లాంటుకు వెళ్లడం మానొద్దు. ధర బేరమాడేటప్పుడు సరఫరాదారు చెప్పే 'యీల్డ్ తగ్గింది' అన్న సాకులో నిజమెంతో పట్టుకోగలిగేది ఆ గది మొత్తంలో మీరొక్కరే కావచ్చు.